అరగంటే ఆపానమ్మా

పొద్దున్న ఆరింటికి కోడలు వెనక వరండాలోకొచ్చి, పొగపెట్టె ముందు వంగి, మాంసంలో గుచ్చిన థర్మామీటరు బయటికి చూపించే అంకె చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ముప్ఫై తొమ్మిది. మాంసం లోపలి వేడి ముప్ఫై తొమ్మిది డిగ్రీలు! జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్లు కూడా ఇంతకంటే కాలుతుంది.

రాత్రి ఎనిమిదింటికి పెట్టిన మాంసమది. నాలుగు పంది భుజాలు, ఒక్కోటి మూడు కిలోలు. పది గంటలు గడిచాయి. ఎంత లేదన్నా అరవై దాటాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫైర్ స్టేషన్లో నలభై మంది కంచాల ముందు కూర్చుంటారు, స్టేషన్ ఆఫీసరమ్మ ముక్క నోట్లో పెట్టుకుని ఔననో కాదనో చెప్తుంది. ఆవిడ ఔనంటే మూడు స్టేషన్లకి ప్రతి శనివారం మాంసం ఈ ఇంటినుంచే వెళ్తుంది. ఇంకో ఇద్దరు వంటవాళ్ల చేతివంట ఇప్పటికే రుచి చూసేశారు. ఇవాళ కోడలి వంతు. మళ్లీ వారం రండి అనడాలేమీ లేవు.

కోడలికి ఆ ఔను ఎందుకంత కావాలో తెలియాలంటే ఆమె చేతివేళ్లు చూడాలి. తొమ్మిదేళ్లుగా కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టిన మాంసం కోస్తోంది. ఏడాది నుంచి పని మధ్యలో వేళ్లు పాలిపోయి తెల్లగా అయిపోతున్నాయి. గిల్లినా తెలీదు. పోయిన నెల ఎడమచేతి చిటికెన వేలు కోసుకుంటే, బల్లమీద రక్తం చూశాకగానీ ఆ రక్తం తనదని తెలీలేదు. డాక్టరు మొహమాటపడకుండా చెప్పేశాడు. "ఇంకో చలికాలం ఆ గదిలో చేశావంటే ఈ వేళ్లు నీవి కావమ్మా. చొక్కా బొత్తాలు కూడా ఎవరో ఒకరు పెట్టాలి." చలికాలం ఇంకెంతో దూరంలో లేదు.

అందుకే ఈ కరెంటు పొగపెట్టె. చూడ్డానికి చిన్న బీరువాలా ఉంటుంది. కింద కాయిల్, దానిమీద చెక్కముక్కల గిన్నె, పైన జాలీ అరలు. స్విచ్ వేస్తే వంట దానంతటదే అయిపోతుందని కొట్టువాడు చెప్పాడు. వాడి నోట్లో చక్కెర పొయ్య! మొదటిసారి గిన్నె నిండా చెక్కముక్కలు నింపింది, అవీ నీళ్లలో నానబెట్టి. గంటసేపు ఆవిరి, ఆ తర్వాత తెల్లటి మందపాటి పొగ. మాంసం నోట్లో పెట్టుకుంటే బూడిద నాకినట్టుంది. రెండోసారి ఆగలేక పావుగంటకోసారి తలుపు తీసి చూసింది. ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అన్నారా? తీసిన ప్రతిసారీ ఉన్న వేడంతా బయటికి. సాయంత్రానికి పైన తోలులా, లోపల పచ్చిగా తయారైంది.

అప్పుడు కోల్డ్ స్టోరేజీ కోత మేస్త్రి కాళ్లమీద పడ్డంత పని చేసింది. ముసలాయన పాతకాలంలో ఇటుక పొగగూట్లో పనిచేసినవాడు. "పొడి చెక్క, పిడికెడు చాలు. పైన పొగగొట్టం మూయకు. మాంసాన్ని ముందురోజు ఫ్రిజ్‌లో మూత లేకుండా ఆరబెట్టు, తడి ఒంటికి పొగ పట్టదు. పెట్టెమీద అంకెని నమ్మకు, అరమీద వేరే థర్మామీటరు పెట్టుకో. అరవై ఎనిమిది దగ్గర మాంసం లోపలి వేడి గంటలకొద్దీ కదలదు, అప్పుడు కంగారుపడి చెడగొట్టకు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు కోస్తే వాళ్లే మొదటి ముక్క తినాలి, తిన్నాకే ఇంకోళ్లకి పెట్టాలి. నేను మా గురువు దగ్గర నేర్చుకున్నది అదొక్కటే, మిగతావన్నీ ఎవడైనా నేర్పుతాడు," అన్నాడు.

అన్నీ అక్షరం పొల్లుపోకుండా చేసింది. నాలుగోసారికి వీధి వీధంతా ముక్కు ఎగబీల్చింది. పెట్టెలో నూట పది అని పెడితే అరమీద ఎక్కువొస్తోందని కనిపెట్టి, నూట ఏడుకి పెట్టడం అలవాటు చేసుకుంది. రాత్రి కూడా నూట ఏడే పెట్టింది. వేలితో నొక్కినట్టు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు పెట్టెమీద నూట పది ఉంది.

ఈ పెట్టెకో గుణముంది. కరెంటు పోయి వచ్చిందంటే చెప్పిందంతా మర్చిపోయి నూట పది దగ్గర మళ్లీ మొదలెడుతుంది. వంటింట్లోకి పరిగెత్తింది. చెయ్యి అందని మూల ప్లగ్గులో ఉన్న మైక్రోవేవ్ గడియారం, కరెంటు పోతే సున్నాలు చూపించేది, ఠంచనుగా ఆరూ ఐదు చూపిస్తోంది. ఊళ్లో కరెంటు పోలేదన్నమాట. ఈ ఇంట్లో ఒక్క స్విచ్ మాత్రమే ఆగింది.

ఆపేదెవరో చెప్పడానికి జ్యోతిష్యుడక్కర్లేదు.

ఆమె మావగారు ముప్ఫై ఆరేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివిన మనిషి. వీధిలో అందరికీ మీటర్ మావయ్య. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఉద్యోగం ఒక్కటే, పడుకోబోయేముందు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపడం. లైటు వెయ్యడు, చీకట్లోనే గోడ తడుముకుంటూ వెళ్తాడు, ఒక్కో స్విచ్ దగ్గరా "ఆఫ్" అని పైకే అంటాడు. ఒకసారి ఫ్రిజ్ ఆపేశాడు. ఒకసారి స్నానానికి వెళ్లిన కొడుకుని సబ్బు కళ్లతో చీకట్లో నిలబెట్టాడు. అందరూ నవ్వుకున్నారు. అందుకే కోడలు రాత్రి పొగపెట్టె తలుపుకి ఎర్ర అక్షరాలతో 'ఆపవద్దు' అని కాగితం అంటించింది. కాగితం పెట్టెకి అంటించింది, స్విచ్ గోడకుంది. చీకట్లో చేత్తో తడిమేవాడు కాగితమెక్కడ చదువుతాడు?

మావగారు హాల్లో పేపరు చదువుతున్నాడు. పేపరు రోజూకంటే కాస్త ఎత్తుగా పట్టుకున్నాడు.

"మావయ్యా, వరండాలో స్విచ్ ఏమైనా ఆపారా?"

పేపరు కదల్లేదు.

"ఆ... తెల్లారుఝామున లేచి, అలవాటు కొద్దీ ఆపాను. వెంటనే గుర్తొచ్చి వేసేశాను."

"వెంటనే అంటే?"

"అరగంట. అరగంటే ఆపానమ్మా."

"అరగంటేనా మావయ్యా? బాగా గుర్తు తెచ్చుకోండి. ఇది చిన్న సంగతి కాదు."

పేపరు దిగింది. ఆయన మొహం ఎర్రబడింది. "ముప్ఫై ఆరేళ్లు మీటర్లు చదివినవాణ్ణి. ఒక్క అంకె తప్పని ఒక్క మనిషి ఫిర్యాదు చెయ్యలేదు. నువ్వు నాకు గంటలు లెక్కపెట్టడం నేర్పుతావా?"

కోడలు వెనక్కి వరండాలోకొచ్చింది.

కానీ మనసు ఊరుకోదు కదా. కోల్డ్ స్టోరేజీలో ప్రతి ఏడాదీ చెప్పే పాఠం ఆమెకి కంఠోపాఠం. మాంసం గోరువెచ్చగా నాలుగు గంటలు దాటి ఉందంటే చెత్తబుట్టే. తర్వాత ఎంత కాల్చినా క్రిమి చస్తుందిగానీ అది వదిలిన విషం చావదు. వాసన రాదు, రంగు మారదు. పైగా పొగ పట్టిందంటే ఆ ఘుమఘుమ అన్నిటినీ కప్పేస్తుంది. అరగంట ఆగితే ఏ భయమూ లేదు. అరగంట ఆగితే ముప్ఫై తొమ్మిది మాత్రం రాదు.

ఆమె మొగుడు, వ్యాన్ డ్రైవరు, ఆవలిస్తూ వచ్చి సంగతంతా విన్నాడు. "నువ్వు ఇన్నాళ్లూ పెట్టింది ఒక్కో ముక్క. రాత్రి నాలుగు కుక్కావు. గాలి ఆడకపోతే వేడెక్కదు, నువ్వే చెప్పావుగా? ఆలస్యం అందుకే."

"అలా ఉంటుందంటావా?"

"నాన్న అబద్ధమాడటం ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. అదే వచ్చిన చిక్కు. నిజం చెప్పాలంటే ఆమె నమ్మాలనుకుంది, కాబట్టి నమ్మింది. తెల్లగా పాలిపోయిన వేళ్లని చంకల్లో పెట్టుకుని, నాలుగు ముక్కలు కుక్కినందుకే ఆలస్యమైందని తనకి తాను పదిసార్లు చెప్పుకుంది. వేడి పూర్తిగా పెంచేసింది. తొమ్మిదిన్నరకి అరవై ఎనిమిది. మేస్త్రి చెప్పినట్టు అక్కడే మొండికేసింది. ఓపిక పట్టే వ్యవధి లేదు. ముక్కల్ని బయటికి తీసి ఫాయిల్‌లో గట్టిగా చుట్టి మళ్లీ లోపల పెట్టింది. పదిన్నరకి డెబ్భై ఆరు. పదకొండుంబావుకి ఎనభై నాలుగు. ఆ అంకె ఎక్కుతున్నకొద్దీ మొగుడి మొహం వెలుగుతోంది. ఈమె మాత్రం మనసులో గంటలు మళ్లీ మళ్లీ లెక్కపెడుతోంది. మావగారు మూడుసార్లు వరండా గుమ్మం దాకా వచ్చాడు, మూడుసార్లూ ఏదో అనబోయి వెనక్కి తిరిగాడు. టిఫిను ముట్టలేదు. ఆమె అది చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది.

పన్నెండూ పదికి తొంభై. విప్పి చూస్తే ఏం చెప్పాలి! పైన నల్లటి నిగనిగలాడే పొర, గుచ్చితే వెన్నలా దిగుతోంది, వాసనకి పక్కింటి పిల్లి గోడెక్కి కూర్చుంది. తొమ్మిదేళ్లలో ఇంత అందమైన మాంసం ఆమె చూడలేదు. మళ్లీ చుట్టేసి, తువ్వాళ్లు కప్పి, మూతపెట్టెలో సర్దారు. వ్యాన్ బయల్దేరబోతుంటే మావగారు చెప్పులు వేసుకుని వచ్చి, అడక్కుండానే వెనక సీట్లో కూర్చున్నాడు.

"నువ్వెందుకు నాన్నా ఎండలో?" అన్నాడు కొడుకు.

"వస్తాను." అంతే అన్నాడు. కోడలి ఒళ్లో మూతపెట్టె వెచ్చగా ఉంది.

ఫైర్ స్టేషన్ భోజనాల గదిలో పొడుగ్గా మూడు బల్లలు. గోడకి హెల్మెట్లు, గమ్‌బూట్లు వరసగా. నలభై మందీ అప్పటికే కూర్చున్నారు. పెట్టె మూత తియ్యగానే ఒకతను లేచి సైరన్‌లా కూసాడు. "పొగ! పొగ! ఇంజన్ తియ్యండ్రోయ్!" గది ఘొల్లుమంది. ఆఫీసరమ్మ, నెరిసిన జుట్టు బిగించి కట్టుకున్న పొట్టి మనిషి, తనూ నవ్వుతూ ఎదురుగా వచ్చి నిలబడింది.

"కొయ్యండమ్మా. వీళ్లు రాత్రి రెండు గోదాముల మంట ఆర్పి వచ్చారు. కుర్చీలు కూడా తినేలా ఉన్నారు."

కోడలు కత్తి తీసింది. కోతలో ఆమెకి సాటి లేరు, వేళ్లు మొద్దుబారినా కత్తికి దారి తెలుసు. మొదటి ముక్క నీటుగా విడిపడింది. లోపల పొగ పట్టి గులాబీ రంగు తేలిన అంచు, కారుతున్న రసం. గదిలో ఎవరో నిట్టూర్చారు.

ఎవరు కోస్తే వాళ్లే మొదటి ముక్క తినాలి. పొద్దున్నుంచీ ఆమె మనసుకి సర్దిచెప్పుకుంటున్నది ఇదే. ముందు తింటున్నది నేనేగా, ఏమన్నా అయితే ముందు నాకేగా అని. ఎంత తెలివితక్కువ సర్దుబాటు! ఆ విషం తిన్న నిమిషానికా పనిచేసేది? ఆమెకి కడుపునొప్పి వచ్చేసరికి నలభై కంచాలూ ఖాళీ అయిపోయి ఉంటాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసే ముక్కని రెండు వేళ్లతో తీసింది. పెదాల దాకా తెచ్చింది.

"వద్దు! తినకమ్మా!"

కుర్చీ కిందపడ్డ చప్పుడు. మీటర్ మావయ్య బల్ల అంచు పట్టుకుని వస్తున్నాడు. వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన కోడలి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"ఏడు గంటలు," అన్నాడు. "రాత్రి పదింటికి ఆపాను. పొద్దున్న ఐదింటికి చూసుకుని వేశాను. అరగంట కాదు. ఏడు గంటలు."

"నాన్నా!" అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా. ముప్ఫై ఆరేళ్లు... ఎండలో, వానలో, కుక్కలు వెంటపడినా, ఒక్క తప్పు రీడింగ్ రాయలేదు. ఇవాళ పొద్దున్న చెప్పాను. సిగ్గేసి చెప్పాను. ఈ పిల్ల వేళ్ల గురించి నాకు తెలుసు, నా చేత్తో ఆపేశానని చెప్పడానికి నోరు రాలేదు. ఎలాగో గట్టెక్కుతుందిలే అనుకున్నాను. కానీ ముందు తనే తింటుందని నాకు తెలీదు." ఆయన ఆఫీసరమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మా కోడలి తప్పేం లేదు తల్లీ. పాపం అంతా నాది."

కోడలు ముక్కని పళ్లెంలో పెట్టేసింది. ఏడుపు రాలేదు. వింతేమిటంటే పొద్దున్నుంచీ మనసులో తిరుగుతున్న గంటల లెక్క ఆగింది.

ఆఫీసరమ్మ పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించి, అప్పుడు కోడలి ముందుకొచ్చింది. మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

"ఒక్కటి చెప్పండి. మీకు ముందే అనుమానం రాలేదా?"

మొగుడు కళ్లతోనే లేదని చెప్పమంటున్నాడు. పెద్దాయన ఎలాగూ తప్పంతా నెత్తిన వేసుకున్నాడు. లేదంటే చాలు. ఒక్క మాట.

"వచ్చిందండీ," అంది కోడలు. "పొద్దున్న ఆరింటికే వచ్చింది. ఆయన అరగంటన్నారు, నాకు ఆ మాట నచ్చింది. లెక్క కుదరలేదని తెలిసీ ఇంకోసారి అడగలేదు. ఆయన టిఫిను తినకపోవడం కూడా చూశాను."

ఆఫీసరమ్మ చాలాసేపు ఆమె వేళ్ల వైపు చూసింది. "మా వాళ్లు కడుపులు పట్టుకుని మంచాలెక్కి ఉంటే, ఊళ్లో మంట లేస్తే వెళ్లేదెవరమ్మా? ఈ ఆర్డరు మీకివ్వలేను."

"ఇవ్వకూడదండీ," అంది కోడలు.

"ఆరు నెలలకి మళ్లీ పిలుస్తాం. మళ్లీ ముగ్గురిని చూస్తాం." వెళ్లబోతూ ఆగింది. "మీరు రండి. ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు ఇద్దరున్నారు మీ ఇంట్లో, కాస్త ఆలస్యంగానైనా."

పన్నెండు కిలోల మాంసం, జీవితంలో చేసిన అన్నిటికంటే అందమైన మాంసం, స్టేషన్ వెనక చెత్తడబ్బాలోకి ఆమే తన చేతులతో పారబోసింది. కుక్కలు లాక్కుపోకుండా మూతమీద రాయి పెట్టింది. లోపల నలభై మందీ గుడ్లూ రొట్టెలూ తింటున్నారు.

సోమవారం మళ్లీ కోల్డ్ స్టోరేజీకి వెళ్లింది. చేతులకి ఒకదానిమీద ఒకటి రెండు జతల గ్లౌజులు. గంటకోసారి బయటికొచ్చి వేళ్లు కాచుకుంటానంటే మేస్త్రి సరేనన్నాడు. ఆరు నెలలంటే మధ్యలో చలికాలమంతా ఉంది. వేళ్లు ఆగుతాయో లేదో ఎవరూ చెప్పలేరు, డాక్టరుతో సహా.

ఇంట్లో మాత్రం ఒక మార్పొచ్చింది. మీటర్ మావయ్య స్విచ్ ముట్టుకోవడం మానేశాడు. మొత్తానికే మానేశాడు. తన గదిలో లైటు వెయ్యాలన్నా కొడుకుని పిలుస్తాడు. పట్టపగలు హాల్లో, మెట్లమీద, బాత్రూంలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఎవరూ ఏమీ అన్లేదు. అనకపోవడమే ఆయనకి శిక్షైపోయింది.

రెండు వారాల తర్వాత ఆదివారం, కోడలు తెల్లవారకముందే లేచి పొగపెట్టెలో రెండు భుజాలు పెట్టింది. ఆరు నెలలు ఊరికే కూర్చుంటే చెయ్యి తప్పుతుంది మరి. తొమ్మిదింటికి చూస్తే మావగారు స్టూలు వేసుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. చేతిలో పాత మీటరు పుస్తకం, చెవిలో పెన్సిలు. తలుపు జోలికి పోకుండా, అరగంటకోసారి అంకె చూసి రాస్తున్నాడు. పన్నెండింటికి మళ్లీ వచ్చేసరికి వారం రోజుల అలసటకి ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఎంతుంది మావయ్యా?"

"అరవై ఎనిమిది. గంటన్నర నుంచీ కదల్లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "తప్పు చదువుతున్నానేమో. ఓసారి నువ్వు చూడమ్మా."

పెట్టె నాలుగడుగుల దూరంలో ఉంది. తల కాస్త వంచితే అంకె కనిపిస్తుంది.

"మీరు చదివారుగా," అంది కోడలు. "అక్కడ అలాగే ఆగుతుంది. డెబ్భై రెండు దాటాక లేపండి, నేను కాసేపు నడుం వాలుస్తాను."

లోపలికి వెళ్తూ హాల్లో ఆగింది. నెత్తిమీద ట్యూబులైటు, మెట్లమీద బల్బు, వంటింట్లో ఇంకోటి, బయట మిట్టమధ్యాహ్నం. వారాలుగా దిగమింగుకున్న కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది.

"మావయ్యా! పట్టపగలు ఈ దీపాలేంటండీ? ఈ ఇంట్లో ఎవరూ లేరా ఆపడానికి?"

వరండాలో స్టూలు చప్పుడైంది. తర్వాత చెప్పుల చప్పుడు మెల్లగా లోపలికొచ్చింది. ఆమె మంచంమీద వాలి, వేళ్లని దుప్పటికింద పెట్టుకుని వింది.

"ఆఫ్," అన్నాడు హాల్లో. గొంతు బొంగురుగా ఉంది. "ఆఫ్," మెట్ల దగ్గర. "ఆఫ్," వంటింట్లో, ఈసారి కాస్త గట్టిగా. చెప్పులు వరండాలోకి వెళ్లాయి. గోడమీద ఆ స్విచ్ ఉన్నచోట ఆగాయి. ఆమె దిండుమీంచి తలెత్తింది.

స్టూలు కిర్రుమంది. పెన్సిలు చెక్కుతున్న చప్పుడు వినిపించింది. ఆమె పక్కకి తిరిగి పడుకుంది, లేచి చూడలేదు.